పైపు పట్టని చేతులు

జిల్లా పేజీలో అగ్నిప్రమాదం వార్తలు దాదాపు ఒకే వాక్యంతో ముగుస్తాయి: ‘సమాచారం అందుకున్న అగ్నిమాపక సిబ్బంది సంఘటనా స్థలానికి చేరుకుని మంటలను అదుపులోకి తెచ్చారు.’ విలేకరిని తప్పు పట్టలేం, ఆయనకు దొరికే జాగా అంతే. కానీ ఆ ఒక్క వాక్యంలో ఎన్ని నిర్ణయాలు అణిగి ఉన్నాయో, వాటిని తీసుకునే మనిషి ఎవరో విజయవాడలో పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఎర్ర బండి తెలుసు, దాని గంట తెలుసు, 101 నంబరు తెలుసు. డ్రైవరు పక్కన కూర్చుని వచ్చి, దిగాక పైపు ముట్టుకోకుండా తగలబడుతున్న ఇంటి చుట్టూ తిరిగే మనిషిని చూస్తే మాత్రం జనానికి ఒళ్లు మండుతుంది. ‘కొంప కాలిపోతుంటే ఈయన షికారేంటి?’ అంటారు. ఆ తిరగడమే ఆయన పని. ఆయన స్టేషన్ ఫైర్ ఆఫీసర్.

అమెరికాలో ఒక ఇంజను, దాని మీద పనిచేసే జట్టు కలిస్తే ఒక కంపెనీ. దాని పెద్ద కెప్టెన్. లండన్ అగ్నిమాపక దళాన్ని 1861 నుంచి 1891 దాకా నడిపిన మాసీ షాను ఆ ఊరు కెప్టెన్ షా అనే పిలిచింది. మన దగ్గర ఆ బరువు మోసేది స్టేషన్ ఫైర్ ఆఫీసర్. ఆయన కింద లీడింగ్ ఫైర్‌మన్లు, డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్లు. పైన సహాయ జిల్లా అగ్నిమాపక అధికారి, ఆపైన జిల్లా అగ్నిమాపక అధికారి. పై అధికారులు వచ్చేలోపు ప్రమాద స్థలంలో చివరి మాట స్టేషన్ ఆఫీసర్‌దే. పెద్ద ప్రమాదాల్లోనూ మొదటి పది నిమిషాలు ఆయనవే, తక్కిన రాత్రి ఎలా గడుస్తుందో చాలావరకు ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

కుర్చీకి రెండు దారులు

ఈ ఉద్యోగంలోకి రెండు దారులున్నాయి. డిగ్రీ చదివి, రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి పరీక్ష రాసి, పరుగు, లాంగ్ జంప్ వంటి దేహదారుఢ్య పరీక్షలు గట్టెక్కి నేరుగా రావడం ఒకటి. ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్ అయి, ఏళ్ల తరబడి పొగ మింగి పదోన్నతి మీద రావడం రెండోది. మొదటి దారిన వచ్చినవారికి లెక్క త్వరగా వస్తుంది, రెండో దారిన వచ్చినవారికి వాసన త్వరగా తెలుస్తుంది. మంచి ఆఫీసర్ అనిపించుకోవాలంటే రెండూ కావాలి. అందుకే కొత్తగా వచ్చిన ఆఫీసర్ తలపండిన లీడింగ్ ఫైర్‌మన్‌ను పక్కన పెట్టుకుని నేర్చుకుంటాడు, బుద్ధిమంతుడైతే.

దేశంలో ఈ విద్యకు పెద్దబడి నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక సేవల కళాశాల. 1956లో రాంపూర్‌లో మొదలై మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది. స్టేషన్ ఆఫీసర్ స్థాయి శిక్షణ అక్కడ దొరుకుతుంది. నీటి పీడనం, పంపుల పనితీరు, భవన నిర్మాణం, మండే పదార్థాల రసాయనం, తాళ్లూ ముడులూ, నిచ్చెనలూ అన్నీ చదువులో భాగమే. అయితే ఆ బడి నేర్పలేనిది ఒకటుంది, ఊరు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఏ మలుపు దగ్గర పెద్ద బండి తిరగదో, సామారంగం చౌక్ వైపు ఏ వేళప్పుడు తోపుడుబళ్లు దారి కమ్మేస్తాయో, మొగల్రాజపురం కొండ మీది ఇళ్లకు ఏ మెట్లదారి దగ్గరో ఏ పుస్తకంలోనూ లేదు. బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ మొదటి వారాల్లో చేసే పని ఊరిని కాళ్లతో చదవడం.

గంట మోగక ముందు

ఈ పనిలో పెద్ద భాగం గంట మోగక ముందే అయిపోతుంది. పొద్దున్నే హాజరు, ఆ తర్వాత డ్రిల్. చూసేవాళ్లకు ఒకటే తంతు రోజూ చేస్తున్నట్టు అనిపిస్తుంది. పైపుచుట్ట విసరడం, కలపడం, ‘వాటర్ ఆన్’ అంటే నీళ్లు, ‘నాక్ ఆఫ్’ అంటే కట్టు, ‘మేకప్’ అంటే సామాను సర్దు. నిజమైన ప్రమాదంలో చెవులు గింగిర్లెత్తే గోలలో ఈ మూడు మాటలే పనికొస్తాయి. చీకట్లో, పొగలో, చేతికి తొడుగు ఉండగా కూడా రెండు పైపుల కొనలు కలపగలగాలి. కొన సరిగ్గా కూర్చుంటే ‘టక్’ మంటుంది. ఆ శబ్దం రాలేదంటే ఒత్తిడి పెరిగిన మరుక్షణం పైపు ఊడి, దాని ఇత్తడి మూతి మనిషిని కొడుతుంది. డ్రిల్ జరుగుతుంటే ఆఫీసర్ కళ్లు ఎటో ఉంటాయి, చెవి మాత్రం ఆ ‘టక్’ మీదే ఉంటుంది.

తర్వాత పరికరాలు. గాలి సిలిండర్లలో ఒత్తిడి ఎంతుంది, పంపు గాలి లాగి నీళ్లు పట్టుకోవడానికి ఎన్ని క్షణాలు తీసుకుంటోంది, నిన్న వాడిన పైపులు ఆరాయా, తాడుకు ఎక్కడైనా పోగు లేచిందా. ఆ తాడు మీద ఒక మనిషిని మూడో అంతస్తు నుంచి దింపాల్సి రావచ్చు. అందుకే ఆఫీసర్ దాన్ని కళ్లతో చూసి వదిలెయ్యడు, చేతుల్లోంచి బారలు బారలుగా పోనిచ్చి తడిమి చూస్తాడు.

వీటన్నిటికంటే విలువైనది బయటివాళ్లకు కనపడని ఒక రిజిస్టరు, నీటి వనరులది. ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరిన బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ విజయవాడ నడి ఊళ్లోంచి పోతాయి. ఇన్ని కాలువలున్న ఊళ్లో ఫైరింజన్‌కు నీళ్ల కరువేమిటి అనుకుంటాం. ఇక్కడే డెల్టా తిరకాసు ఉంది. నిప్పు ఎక్కువగా రేగే వేసవిలోనే కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో చాలాచోట్ల కాలువ అడుగు ఎండి కనిపిస్తుంది. నవంబరులో నిండుగా పారే చోటు మేలో మట్టి. అప్పుడు దిక్కు మంచినీటి చెరువులు, అపార్టుమెంట్ల సంపులు, పురపాలక ట్యాంకులు, కైకలూరు వైపైతే చేపల చెరువులు. ఏ చెరువు గట్టు దాకా బరువైన బండి దిగబడకుండా వెళ్లగలదు, ఏ సంపు మూత ఎంత వెడల్పు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రిపూట ఎవరిని లేపాలి? డెల్టాలో మంచి స్టేషన్ ఆఫీసర్ ఈ రిజిస్టరును ఏడాదికి రెండుసార్లు కొత్తగా రాసుకుంటాడు, కాలువ వదిలినప్పుడొకటి, కట్టేసినప్పుడొకటి.

నీళ్లున్నంత మాత్రాన పంపుకు అందుతాయన్న నమ్మకం లేదు. పంపు నీటిని పైకి లాగదు. గొట్టంలో గాలి తీసేస్తే బయటి వాతావరణ పీడనం నీళ్లను పైకి నెడుతుంది. లెక్కప్రకారం పది మీటర్ల పైచిలుకు ఎక్కాలి, పనిలో ఏడు మీటర్లు దాటితే నమ్మకం లేదు. గట్టు ఎత్తు ఎక్కువైతే నిండు కాలువ కళ్లముందు పారుతున్నా ఒక్క చుక్క రాదు. రబ్బరు వాషరు కొంచెం చిరిగితే గాలి జొరబడి అదే పరిస్థితి. ఇక గుర్రపుడెక్క. కృష్ణా డెల్టా కాలువల్లో అది లేని చోటు అరుదు. గొట్టం చివరి జల్లెడకు దాని వేళ్లు చుట్టుకుంటే రెండు నిమిషాల్లో పంపు ఎండిపోతుంది. జల్లెడకు బుట్ట తొడిగి, కాలువలో ఒక మనిషిని దింపి డెక్కను పక్కకు తోస్తూ ఉండమని చెప్పడం చిన్న మాటే. ఆ చిన్న మాట ముందే చెప్పినవాడికి అవతల కొసన పైపు పట్టుకున్నవాళ్ల ప్రాణం విలువ తెలుసు.

మొదటి రెండు నిమిషాలు

ఇప్పుడు గంట మోగిందనుకుందాం. మే నెల మధ్యాహ్నం, వన్‌టౌన్‌లో పైన గోదాము, కింద బట్టల దుకాణం. సందు మొదట్లోనే బండి ఆగింది. లోపలికి పోతే మళ్లీ వెనక్కి రాలేదు. ఫైర్‌మన్లు పైపులు దింపుతుంటారు. ఆఫీసర్ అప్పటికే నడక మొదలుపెట్టి ఉంటాడు. కుదిరితే నాలుగు వైపులా చూస్తాడు. ఇరుకు సందులో కుదరకపోతే పక్క మేడ ఎక్కి పైనుంచి చూస్తాడు.

ఆయన చూసేది మంటని కాదు, పొగని. సన్నగా, నెమ్మదిగా పైకి లేస్తుంటే నిప్పు ఇంకా చిన్నది. నల్లగా, దట్టంగా, కిటికీ సందుల్లోంచి తోసుకొస్తుంటే లోపల వేడి బాగా ముదిరింది. పొగ ఒకసారి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పీల్చుకున్నట్టు పోతుంటే మహా ప్రమాదం. లోపల ఇంధనం ఉంది, వేడి ఉంది, ప్రాణవాయువు చాలక నిప్పు కాచుకుని ఉంది. ఆ తలుపు తెరిచినవాడి మీదికే అది పేలుతుంది. తలుపు దగ్గరికి వెళ్లినవాడు అరచేత్తో తాకడు, చేయి తిప్పి వెనకవైపు ఆనించి చూస్తాడు. వేడి ఎంత ఎత్తు దాకా దిగిందో ఆ చెయ్యి చెబుతుంది.

నడుస్తూనే అడుగుతాడు. “బాబూ, లోపల ఎవరైనా ఉన్నారా? నువ్వు కళ్లారా చూశావా, ఎవరన్నా చెబితే విన్నావా?” ఈ రెండో ప్రశ్న అనుభవం నేర్పింది. గుంపులో పదిమంది పది లెక్కలు చెబుతారు. “అమ్మా, గ్యాస్ బండ ఎక్కడుంది? ఒకటేనా, ఇంకోటి కూడా ఉందా?” “కరెంటు తీశారా? ఎవరు తీశారు?” లైన్‌మన్ వచ్చి తీశానని చెప్పేదాకా తీగల మీదికి నీళ్లు కొట్టనివ్వడు. దుకాణం యజమాని ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేస్తాడు గానీ ప్రశ్న ఆపడు. గోదాములో ఉన్నది పత్తి బట్టా, పాలిస్టరా? పాలిస్టరైతే కరిగి కారుతుంది, పొగ విషమవుతుంది. పైకప్పు శ్లాబా, రేకులా? ఇనుప దూలాల మీద రేకులైతే వేడికి అవి వంగుతాయి, వాటి కింద మనుషులుండకూడదు.

ఈలోపు మనసులో ఒక లెక్క నడుస్తుంటుంది. మామూలు వాటర్ టెండర్‌లో 4,500 లీటర్లు పడతాయి. 20 మిల్లీమీటర్ల మూతి గల పైపు మూడు బార్ల ఒత్తిడితో నిమిషానికి సుమారు 460 లీటర్లు చిమ్ముతుంది. ఒక పైపు పెడితే పది నిమిషాలకు తక్కువే, రెండు పెడితే అయిదు. అయిదు నిమిషాల్లో ఆరకపోతే? అందుకే మొదటి పైపులో నీళ్లు రాకముందే రెండో బండికి వైర్‌లెస్‌లో కబురు వెళ్లిపోవాలి, ఒక మనిషి నీటి వనరు వైపు కదిలిపోవాలి. ఎక్కువ బళ్లు అడిగి తర్వాత వెనక్కి పంపితే నష్టం డీజిలే. తక్కువ అడిగితే పక్క దుకాణం పోతుంది. మంచి ఆఫీసర్ ఈ విషయంలో మొహమాటపడడు.

అదే ప్రమాదం గుణదల కొండ మీదో చిట్టినగర్ పైమెట్ల మీదో జరిగితే లెక్క మారిపోతుంది. బండి కిందే ఆగుతుంది. పైపు పదిహేను మీటర్లు ఒక ముక్క. ఆరు ముక్కలు కలిపితే తొంభై మీటర్లు. ఎత్తు ప్రతి పది మీటర్లకూ ఒక బార్ ఒత్తిడి తినేస్తుంది. ఇల్లు ముప్పై మీటర్ల ఎత్తులో ఉంటే, పంపు దగ్గర ఏడు బార్లు పెట్టినా మూడు బార్లు ఎత్తుకే పోయాయి. మూతి దగ్గర మూడు కావాలి. మిగిలిన ఒక్క బారూ గొట్టం లోపలి రాపిడికి. అంటే ఎక్కడా జారడానికి వీల్లేదు. మెట్ల మలుపులో పైపు మడతపడితే అంతే సంగతులు. కాబట్టి ప్రతి మలుపు దగ్గరా ఒకరిని నిలబెట్టాలి. జట్టులో ఉన్నది ఆరేడుగురే, మలుపులు నాలుగు. ఆ వాడలోని కుర్రాళ్లలో కాస్త నిలకడగా ఉన్నవాళ్లను ఏరి “నువ్వు ఇక్కడే నిలబడు, పైపు మడత పడనివ్వకు” అని అప్పగించడం కూడా నాయకత్వమే.

లోపలికి పంపడం, పంపకపోవడం

పొగలోకి మనుషుల్ని పంపడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే బరువైన పని. గాలి సెట్టు తగిలించుకుని ఇద్దరు వెళ్తారు, ఒక్కరిని ఎప్పుడూ పంపరు. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడితో 1,800 లీటర్ల గాలి ఉంటుంది. కష్టపడి పనిచేసే మనిషి నిమిషానికి సుమారు 40 లీటర్లు పీలుస్తాడు. కాగితం మీద నలభై అయిదు నిమిషాలు. కానీ చివర్లో గాలి తగ్గిందని చెప్పే ఈల మోగాక మిగిలే గాలి బయటికి రావడానికే, పనికి కాదు. పైగా మెట్లెక్కడానికీ గాలి ఖర్చే, భయానికీ గాలి ఖర్చే. అందుకే ఆఫీసర్ ముప్పై నిమిషాలకు మించి నమ్ముకోడు. ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్లారు, అప్పుడు ఒత్తిడి ఎంత అన్నది రాసి పెట్టడానికి ఒక మనిషిని బయట కేటాయిస్తాడు. లోపలున్నవాళ్లకు కాలం తెలియదు, బయటున్నవాళ్లే వాళ్ల గడియారం.

ఇంకో ఒడుపు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. మూసి ఉన్న గదిలోకి ఇష్టమొచ్చినట్టు నీళ్లు కొడితే ఆ ఆవిరి తిరిగొచ్చి కొట్టినవాళ్లనే ఉడికిస్తుంది. ఒక పక్క నుంచి నీళ్లు కొట్టేముందు రెండో పక్క కిటికీ తెరవాలి, వేడికి పోయే దారి చూపాలి. ఎప్పుడు తెరవాలి, ఏది తెరవాలి అన్నది లోపలివాళ్లకు కనపడదు. బయట నిలబడ్డ మనిషే చెప్పాలి. ఆఫీసర్ పైపు పట్టుకోకపోవడానికి కారణం ఇదే. ఆ మూతి దగ్గర నీటి ఎదురుతోపు ఇరవై కిలోల దాకా ఉంటుంది. దాన్ని పట్టుకున్నవాడికి ఎదురుగా ఉన్న నాలుగడుగులే లోకం. మొత్తం చూడాల్సినవాడు ఆ నాలుగడుగుల్లో ఇరుక్కోకూడదు.

నిర్ణయం చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో ఈ వృత్తి ఎన్నటికీ మరవని ఉదాహరణ 1944 ఏప్రిల్ 14 బొంబాయి రేవు పేలుడు. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిపి ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనిపించింది. అగ్నిమాపక దళం వచ్చి నీళ్లు కొడుతూనే ఉంది. ఓడను అక్కడే ముంచాలా, సముద్రంలోకి లాగించాలా అన్నది మాత్రం సాయంత్రం నాలుగు దాకా ఎవరూ తేల్చలేదు. ఓడ పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వారి జ్ఞాపకంగానే. ఆ రోజు ధైర్యం ఎవరికీ తక్కువ కాలేదు. తేల్చి చెప్పే గొంతు ఒక్కటి కరువైంది.

ఆర్పని నిప్పులు

చేతగాక కాదు, తెలిసే ఆర్పకుండా వదిలేసే నిప్పులు కొన్నుంటాయి. పనివాడి తేడా అక్కడే బయటపడుతుంది.

గ్యాస్ బండ మూతి దగ్గర మంట ఈటెలా లేస్తోంది. చుట్టుపక్కలవాళ్లు ‘ముందు దాన్ని ఆర్పండి’ అని కేకలేస్తారు. ఆఫీసర్ ఆర్పనివ్వడు. గ్యాస్ రావడం ఆగకుండా మంట మాత్రమే ఆరితే, గాలికంటే బరువైన ఆ గ్యాస్ నేలబారున పాకి గదంతా నిండుతుంది. ఏ మూలో చిన్న నిప్పురవ్వ దొరికితే ఇల్లే లేచిపోతుంది. బండను నీళ్లతో చల్లబరుస్తూ, వాల్వ్ కట్టేసే దారి దొరికేదాకా ఆ మంటను వెలగనిస్తాడు.

డెల్టా పల్లెల్లో గడ్డిమేటు సంగతి ఇంకో తీరు. పైన నీళ్లు కొడితే పైపొర తడిసి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. బండి వెళ్లిపోయిన రెండు గంటలకు మళ్లీ మంట. తెలిసిన ఆఫీసర్ మేటు మీద నీళ్లన్నీ ధారపోయడు. ముందు పక్కనున్న మేటునూ ఇంటి చూరునూ తడిపిస్తాడు. తర్వాత రైతులతో పంగలకర్రలు తెప్పించి, మేటు విప్పించి, పరిచి, పొర పొరగా తడిపిస్తాడు. ఆ మేటు ఎలాగూ పోయింది, పక్కది దక్కాలి. తాటాకు ఇళ్ల వరస తగలబడినా సూత్రం అదే. మే నెలలో పడమటి గాలి కొడుతుంటే నిప్పు తూర్పుకి నడుస్తుంది. బండి తగలబడుతున్న ఇంటి ముందు ఆగితే జనం సంతోషిస్తారు. ఆయన మాత్రం ఇంకా అంటుకోని తూర్పువైపు మూడో ఇంటి దగ్గర ఆపిస్తాడు. ఇల్లు పోతున్న మనిషి కళ్లెదుట పక్కింటిని తడపడానికి గుండె నిబ్బరం కావాలి, తిట్లు భరించే ఓపికా కావాలి.

కొత్త నిప్పులు కొత్త పాఠాలు చెబుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉండగా పేలి ఇంటాయన చనిపోయారు. ఆ బ్యాటరీల్లో వేడి లోలోపలే ఒక గడి నుంచి మరో గడికి పాకుతుంది. ఆరిందనుకున్నాక మళ్లీ అంటుకోవచ్చు. కాబట్టి దాన్ని ఆరుబయటికి లాగించి, విస్తారంగా నీళ్లు పోయించి, చాలాసేపు కనిపెట్టి ఉండాలి. అదే ఏడాది అక్టోబరు 23న జింఖానా మైదానంలో బాణసంచా దుకాణాలు అంటుకుని ఇద్దరు పోయారు. బాణసంచా తన ప్రాణవాయువును తనలోనే మోసుకొస్తుంది, కప్పేసి ఆర్పుదామంటే ఆరదు. జనాన్ని తరిమి, చుట్టూ గిరి గీసి, దాటనివ్వకుండా చూడటమే అక్కడ పనితనం.

పై అంతస్తు నుంచి, నీళ్ల అడుగు నుంచి

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో నిప్పు లేచింది. అప్పుడది కోవిడ్ రోగులను ఉంచిన కేంద్రం. పొగ పై అంతస్తులకు పాకింది. కిటికీల దగ్గరికి వచ్చి కేకలు వేసినవాళ్లను సిబ్బంది నిచ్చెనల మీదుగా దింపారు. పదిమంది ప్రాణాలు దక్కలేదు. అలాంటి చోట ఆఫీసర్ ముందు తేల్చుకోవాల్సింది వరస. ఎవరు కిటికీలోంచి దూకేలా ఉన్నారు, ఎవరి గది పొగకు దగ్గర, ఎవరు నడవలేరు. గట్టిగా అరుస్తున్నవాడికి ఇంకా ఊపిరి ఉంది. అరవలేనివాడి గదికే ముందు వెళ్లాల్సి రావచ్చు. ఆపైన రోగులది సోకే జబ్బు. ఆ తెల్లవారు వాళ్లను ఎత్తుకుని దింపిన చేతులు ఆ సంగతి తెలిసే ఎత్తుకున్నాయి.

నీళ్ల పనీ వీరిదే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పారింది, బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. నీరు తీశాక ఇళ్లలో మోకాలి లోతు బురద. మంటలార్పే బళ్లు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి. ఆ కడగడంలోనూ లెక్క ఉంది. మంట మీద కొట్టే ఒత్తిడితోనే కొడితే నానిపోయిన గోడ కూలుతుంది, తలుపులు ఊడుతాయి. ఒత్తిడి తగ్గించి, ముందు మురుగుకు దారి తీసి, లోపలి గది నుంచి బయటికి కడుగుతూ రావాలి. నిప్పు మీద చూపిన ఒడుపు బురద మీదా చూపించాలి.

ఆరాక

మంట కనపడకుండా పోయాక జనం ఇళ్లకు వెళ్తారు. ఆఫీసర్ పని సగమే అయింది. గోడల వెనక, తలుపు చట్రాల కింద, అటకల మీద నిప్పు దాక్కుని ఉందేమో చెయ్యి ఆనించి చూడాలి. కింది దుకాణంలో తడవని సరుకు మీద టార్పాలిన్ కప్పించాలి. నిప్పు మిగిల్చినదాన్ని నీళ్లు పాడుచేయడం మంచి జట్టుకు నామోషీ. ఆ తర్వాత మసిలో మొదలు వెతకాలి. గోడ మీద మసి ఎక్కడ సన్నగా మొదలై ఎటు వెడల్పయింది, ఏ వైరు లోపలి నుంచి కరిగింది, ఏది బయటి వేడికి కాలింది. నివేదికలో రాసిన ఒక్క మాట మీద ఒక కుటుంబానికి వచ్చే పరిహారమో బీమా సొమ్మో ఆధారపడి ఉండొచ్చు. అందుకే ‘షార్ట్ సర్క్యూట్’ అని అలవాటుగా రాసేయకుండా, చూసిందే రాసేవాడు అందరి కృతజ్ఞతకూ అర్హుడు.

1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం ప్రమాద స్థలంలో అధికారికి గట్టి అధికారాలే ఇచ్చింది. జనాన్ని తప్పించవచ్చు, దారి మూయించవచ్చు, తలుపులు పగలగొట్టవచ్చు, తప్పదంటే కట్టడాన్నీ కూల్చవచ్చు. కానీ ఆ అధికారాల్లో ఊరికి ఎక్కువ మేలు చేసేది ప్రమాదం లేని రోజు చేసే తనిఖీ. సినిమా హాలు, ఫంక్షన్ హాలు, ఆస్పత్రి, బడి, ఎత్తైన అపార్టుమెంటు ఎక్కడికి వెళ్లినా ఆయన చూసేవి మామూలు సంగతులే. మెట్లదారిలో పాత మంచాలు పెట్టారా, రెండో తలుపుకు తాళం వేశారా, పైన ట్యాంకులో నీళ్లున్నాయా, గోడకు తగిలించిన ఎర్ర సిలిండరు నిండుగా ఉందా. యజమానులకు ఇది వేధింపులా ఉంటుంది. తాళం వేసిన ఆ రెండో తలుపు మీద ఆరోజు ఆయన పెట్టిన పేచీ వల్ల ఎంతమంది బతికారో ఏ లెక్కలోనూ తేలదు. జరగని ప్రమాదానికి నివేదిక ఉండదు.

ఈ పనితనాన్ని దూరం నుంచి కొలవడం కష్టమే. అయినా కొలవాలనిపిస్తే మే నెలలో ఒక సాయంత్రం మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లండి. మీ వీధి పేరు చెప్పి, కాలువలు కట్టేసిన ఈ రోజుల్లో అక్కడికి దగ్గర్లో నీళ్లెక్కడ దొరుకుతాయని ఆఫీసర్‌ను అడగండి. రిజిస్టరు తెరవకుండా ఆ సంపు ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పేస్తే మీ వీధికి మంచి కెప్టెన్ ఉన్నట్టే. ‘మీ సందులో అడ్డంగా పెడుతున్న కార్లు తీయించండి ముందు’ అని ఎదురు చురక కూడా వేశాడంటే, ఆయన మీ వీధిని ఒకసారి కాళ్లతో చదివి పోయాడన్నమాట. ఇక కార్లు తీయించడం మన వంతు.